చేతి పరీక్ష చేను గట్టు దాకా రావాలి

అక్టోబరు రాగానే నగరాలు గులాబీ రంగు వేసుకుంటాయి. రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసంగా 1985లో అమెరికాలో మొదలైన ఆనవాయితీ ఇప్పుడు మనకూ అలవాటైంది. చారిత్రక కట్టడాల మీద గులాబీ దీపాలు వెలుగుతాయి, నడకలు, పరుగులు జరుగుతాయి, వైద్యులు సభల్లో మాట్లాడతారు. ఇదంతా మంచికే. అయితే అదే నెలలో పల్నాడు జిల్లాలోని సత్తెనపల్లి, ముప్పాళ్ల, రాజుపాలెం, నెకరికల్లు, క్రోసూరు చేలల్లో పత్తికాయ పగలడం మొదలవుతుంది. తెల్లవారకముందే వంట ముగించి, క్యారేజీ కట్టుకుని, ఆటో ఎక్కి పోయే ఆడవాళ్లు పొద్దువాలాక గానీ ఇల్లు చేరరు. పత్తి తీతలు సాగుతుండగానే సంక్రాంతి వస్తుంది. ఆ వెనకే మిరప కోతలు మొదలై ఏప్రిల్ దాకా నడుస్తాయి. స్నానం చేసేటప్పుడు రొమ్ములో చేతికి తగిలిన చిన్న గడ్డ సంగతి ఈ ఆరేడు నెలల్లో ఎవరికీ గుర్తు రాదని కాదు. గుర్తొస్తుంది. కానీ నొప్పి లేదు కదా, కోతలయ్యాక చూపించుకుందాంలే అన్న మాట దగ్గర ఆగిపోతుంది. పల్నాడులో రొమ్ము క్యాన్సర్ ప్రాణాంతకం అవుతున్నది ఎక్కువగా ఈ వాయిదాలోనే.

అందుకే ఈ వ్యాసం చెప్పదలచింది ఒక్కటే. పత్తి, మిరప పండే ఈ నేలలో రొమ్ము క్యాన్సర్ మరణాలను తగ్గించాలంటే ఏడాదికోసారి జరిగే సభలూ, అప్పుడప్పుడూ వచ్చిపోయే సంచార మామోగ్రఫీ వాహనాలూ సరిపోవు. సరిగా శిక్షణ పొందిన ఒక మహిళ ఊళ్లోనే ఉండి, రెండేళ్లకోసారి ప్రతి స్త్రీ రొమ్మునూ చేత్తో పరీక్షించాలి. ఆ చేతికి అనుమానం తగిలిన రోజు నుంచి గుంటూరులో చికిత్స మొదలయ్యే రోజు దాకా దారి ఎక్కడా తెగకూడదు. ఈ రెండూ కలిస్తేనే ఫలితం. పరీక్ష ఉండి దారి లేకపోతే భయం మిగులుతుంది. దారి ఉండి పరీక్ష లేకపోతే రోగులు ఆ దారిలోకి ఆలస్యంగా అడుగుపెడతారు. ఇప్పుడు మనకు జరుగుతున్నది రెండోది.

లెక్కలు చూద్దాం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, సుమారు 98,000 మంది దానితో మరణించారు. అంటే ఇద్దరికి కొత్తగా జబ్బు బయటపడితే ఒకరి మరణం నమోదవుతోంది. అమెరికాలో ఆ నిష్పత్తి ఆరుగురికి ఒకరు. జనాభాతో పోల్చి చూస్తే మన దేశంలో ఈ జబ్బు వచ్చేవాళ్లు పాశ్చాత్య దేశాలకన్నా చాలా తక్కువ, వచ్చినవాళ్లలో పోయేవాళ్లు మాత్రం చాలా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే. జబ్బు బయటపడ్డాక అయిదేళ్లు దాటి బతికేవాళ్లు సంపన్న దేశాల్లో నూటికి 90 మందికి పైనే, మన దేశంలో 66 మంది. ఈ తేడాకు మన ఆడవాళ్ల ఒంట్లోని క్యాన్సర్ క్రూరత్వం కొంత కారణమే అయినా, అసలు కారణం 2020లో భారత వైద్య పరిశోధన మండలి విడుదల చేసిన క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో ఉంది. ఆసుపత్రికి వచ్చే నాటికే రొమ్ము క్యాన్సర్ రోగుల్లో 57 శాతం మందికి జబ్బు చుట్టుపక్కలకు ముదిరిపోయి ఉంది.

ముదిరింది అన్న మాటకు ఒంటి మీదా, ఇంటి మీదా అర్థం వేరువేరుగా ఉంటుంది. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు దాన్నీ, దాని చుట్టూ కొంత భాగాన్నీ తీసేసి రొమ్మును నిలపవచ్చు. పల్లెల్లో ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ కొన్ని వారాలు ఇస్తారు. హార్మోనుకు లొంగే రకం అయితే టామాక్సిఫెన్ వంటి చవకైన మాత్ర ఏళ్ల తరబడి కాపాడుతుంది. అదే గడ్డ చర్మాన్ని పట్టుకుని, చంకలో బిళ్లలు కట్టి, పుండు పడ్డాక వస్తే ముందు నెలల తరబడి కీమో ఇవ్వాలి, రొమ్మంతా తీసేయాలి, ఆ తర్వాత కరెంటు పెట్టాలి. అప్పటికీ ఎముకలకో, ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకదని హామీ ఉండదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఆపరేషను, కీమో, రేడియేషన్ ఖర్చులను భరిస్తుంది. అది ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. కానీ పోయిన కూలి రోజులను, మూడు వారాలకోసారి గుంటూరు వెళ్లిరావడాన్ని, తోడు వచ్చిన మనిషి పనిని, ఇంట్లో పిల్లల ఆలనను ఏ పథకమూ తిరిగి ఇవ్వలేదు. తొలి దశలో పట్టుకోవడం ప్రాణానికే కాదు, సంసారానికీ రక్ష.

మరి ఆలస్యం ఎందుకు జరుగుతోంది? అజ్ఞానం వల్ల అని తేల్చేయడం తేలిక, అన్యాయం కూడా. మొదటి కారణం జబ్బు స్వభావంలోనే ఉంది. తొలి దశలో రొమ్ము క్యాన్సర్ గడ్డకు సాధారణంగా నొప్పి ఉండదు. ఒళ్లంతా నొప్పులతో పనిచేసే మనిషి నొప్పి లేనిదాన్ని జబ్బుగా ఎందుకు లెక్కపెడుతుంది? రెండోది సిగ్గు. ఆ గడ్డను మగ వైద్యుడికి చూపించాలన్న ఊహే ఆమెను ఆపుతుంది. మూడోది దారి వంకరలు. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి, అక్కడ వాపు తగ్గే మాత్రలు, తర్వాత పట్నంలో ఒక నర్సింగ్ హోమ్, ఆ తర్వాత స్కానింగు, ఇంతలో కోతలు. నాలుగోది సూది గుచ్చితే, కత్తి పెడితే పాకుతుందన్న భయం. ఈ భయానికి ఆధారం లేదు. సూది పరీక్ష చేయకుండా ఏ వైద్యుడూ సరైన చికిత్స మొదలుపెట్టలేడు. ముదిరాక సూది పరీక్ష చేయించుకుని, తర్వాత పోయినవాళ్లను చూసి పుట్టిన నమ్మకం అది. చంపింది సూది కాదు, సూదికి ముందు గడిచిన నెలలు. 1999లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన సమీక్ష లక్షణం కనపడ్డాక మూడు నెలలు, అంతకన్నా ఎక్కువ ఆలస్యం చేసినవాళ్లలో అయిదేళ్ల మనుగడ 12 శాతం తక్కువగా ఉందని తేల్చింది. మన పత్తి, మిరప కోతల కాలం అంతకు రెట్టింపు.

ఈ నాలుగు కారణాల్లో మూడింటికి విరుగుడు ఊళ్లోనే దొరికే ఒక ఆడమనిషి చెయ్యి. ఈ సంగతి గుంటూరు గడ్డకు కొత్తది కాదు. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ ముందుగా గమనించింది ఇదే. మగ వైద్యుల దగ్గరికి రాని ఆడవాళ్లు ఆడ డాక్టరు ఉందంటే వస్తారని ఆమెకు అర్థమైంది. మందుల గదితో మొదలైన ఆ పని 1898కి మహిళల ఆసుపత్రి అయింది. కుగ్లర్ ఆసుపత్రిగా ఈనాటికీ గుంటూరు జనం నోట ఆ పేరు నిలిచి ఉంది. నూటనలభై ఏళ్ల కిందటి ఆ పాఠాన్ని ఇప్పుడు రొమ్ము పరీక్షకు వర్తింపజేయడమే మనం చేయాల్సింది. ఆడవాళ్ల ఒంటి గురించిన జబ్బుకు ఆడమనిషి, అదీ తెలిసిన మనిషి ఎదురుగా ఉంటే నోరు విప్పడం సులువవుతుంది.

చేతి పరీక్షకు శాస్త్రీయ బలం ఉందా అని అడగాలి, అడగడం అవసరం. ప్రపంచంలో ఈ విషయంపై జరిగిన అతి పెద్ద, అతి పొడవైన పరిశోధనల్లో ఒకటి మన దేశంలోనే జరిగింది. టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు 1998లో ముంబయి మురికివాడల్లో 35 నుంచి 64 ఏళ్ల వయసున్న 1,51,538 మంది మహిళలను రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చొప్పున నాలుగు విడతలు చేత్తో పరీక్ష చేశారు. వాళ్లు వైద్యులు కారు. రెండో వర్గానికి ఒకసారి అవగాహన కల్పించి ఊరుకున్నారు. ఇరవై ఏళ్ల ఫలితాలు 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి. మూడు, నాలుగు దశల్లో బయటపడ్డ క్యాన్సర్లు అవగాహన మాత్రమే పొందిన వర్గంలో 47 శాతం ఉంటే, చేతి పరీక్ష జరిగిన వర్గంలో 37 శాతానికి తగ్గాయి. యాభై దాటిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. అన్ని వయసులూ కలిపి చూస్తే మరణాల్లో తగ్గుదల 15 శాతమే, గణాంక శాస్త్రం ప్రకారం అది కచ్చితంగా పరీక్ష వల్లనే అని చెప్పలేని స్థాయిది. యాభైలోపు వాళ్లలో మరణాలు తగ్గినట్టు రుజువు కాలేదు. చేతి పరీక్షను విమర్శించేవాళ్లు చూపే ప్రధాన అంశం ఇదే. దీన్ని కప్పిపుచ్చితే మన వాదనే బలహీనపడుతుంది. అయితే ఈ ఫలితం నుంచి రావాల్సిన ముగింపు చేతి పరీక్ష పనికిరాదని కాదు. యాభై దాటినవాళ్లను ఒక్కరిని కూడా వదలకూడదని, యాభైలోపు వాళ్లలో తొలి దశలోనే పట్టుకోవడం వల్ల వచ్చే చిన్న ఆపరేషను, తక్కువ కీమో, మిగిలిన రొమ్ము కూడా లాభాలేనని గుర్తించాలని. పైగా ఆ పోలిక జరిగింది అవగాహన పొందినవాళ్లతో. ఎప్పుడూ ఏ పరీక్షా, ఏ మాటా అందని పల్లెల్లో మార్పు అంతకన్నా తక్కువ ఉంటుందనుకోవడానికి కారణం లేదు.

తెలుగు నేల మీద కూడా దీన్ని చేసి చూపించినవాళ్లున్నారు. తల్లికి రొమ్ము క్యాన్సర్ రావడం చూసి, 2007లో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ నెలకొల్పిన శస్త్రవైద్యులు డాక్టర్ పి. రఘురామ్, 2012 నుంచి 2016 వరకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు చేతి పరీక్షలో శిక్షణ ఇప్పించి, దాదాపు రెండు లక్షల మంది పేద మహిళలకు పరీక్ష చేయించారు. అందులో క్యాన్సర్ అని తేలినవాళ్లకు ఆరోగ్యశ్రీ ద్వారా చికిత్స అందింది. అంటే మన ఏఎన్ఎంలు, ఆశాలు ఈ పని నేర్చుకోగలరా అన్న ప్రశ్నకు జవాబు దొరికి పదేళ్లు అవుతోంది. అది కార్యక్రమంగా మొదలై కార్యక్రమంగానే ముగిసింది. నిత్యకృత్యం కాలేదు. లోపం అక్కడుంది.

మామోగ్రఫీ ఉండగా చేతి పరీక్ష ఎందుకు, పేదలకు నాసిరకం వైద్యం చాలునంటారా అన్నది మరో అభ్యంతరం. ఇది గౌరవించాల్సిన ప్రశ్న. మామోగ్రఫీ వేళ్లకు అందని గడ్డను కూడా పట్టుకుంటుంది. బ్రిటన్‌లో 2012లో స్వతంత్ర నిపుణుల సంఘం పాత పరిశోధనలన్నీ పరిశీలించి, పిలిచి పరీక్షించిన మహిళల్లో మరణాలు సుమారు 20 శాతం తగ్గాయని చెప్పింది. అదే సంఘం మరో మాట కూడా చెప్పింది. ఆపిన ప్రతి మరణానికీ ముగ్గురు మహిళలు ఎప్పటికీ హాని చేయని క్యాన్సర్‌కు అనవసరంగా చికిత్స పొందుతున్నారని. బ్రిటన్‌లో యాభై దాటినవాళ్లను మూడేళ్లకోసారి పిలుస్తారు. మన దేశంలో ఈ జబ్బు సుమారు పదేళ్లు ముందుగా, నలభైల్లోనే ఎక్కువగా కనపడుతోంది. ఆ వయసులో రొమ్ము కండ దట్టంగా ఉంటుంది, మామోగ్రఫీ చిత్రంలో దట్టమైన కండా తెల్లగానే కనపడుతుంది, గడ్డా తెల్లగానే కనపడుతుంది. యంత్రం కొన్నా, చిత్రం చదివే రేడియాలజిస్టు, మరమ్మతు చేసే మనిషి, ప్రతి రెండేళ్లకూ అదే మహిళను మళ్లీ రప్పించే వ్యవస్థ కావాలి. ఇవి లేకుండా ఒక వాహనం ఒకసారి ఊరికొచ్చి వెళ్తే అది పరీక్ష అనిపించుకోదు. మామోగ్రఫీ ఉండాల్సిన చోటు ఉంది. చేతి పరీక్షలో అనుమానం తగిలినవాళ్లకు, తల్లికో అక్కచెల్లెళ్లకో ఈ జబ్బు వచ్చినవాళ్లకు అది తప్పనిసరి. చెయ్యి వడపోస్తే యంత్రం తేల్చాలి.

ఇక ఆడవాళ్లే అద్దం ముందు నిలబడి ఎవరికి వాళ్లు పరీక్ష చేసుకుంటే సరిపోదా అనేవాళ్లున్నారు. ఆ పద్ధతిని కూడా శాస్త్రం పరీక్షించింది. చైనాలోని షాంఘై బట్టల మిల్లుల్లో పనిచేసే రెండున్నర లక్షల మందికి పైగా మహిళలపై 1989లో మొదలైన పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. ఎంత శ్రద్ధగా నేర్పినా, గుర్తుచేసినా స్వీయ పరీక్ష మరణాలను తగ్గించలేదు. హాని లేని గడ్డలకు జరిగిన బయాప్సీలు మాత్రం పెరిగాయి. దీని అర్థం ఆడవాళ్లు తమ ఒంటిని పట్టించుకోనక్కర్లేదని కాదు. నెలనెలా లెక్క ప్రకారం తడుముకోవాలన్న భారాన్ని వాళ్ల మీద మోపకుండా, ఎప్పుడూ లేని మార్పు కనపడితే ఆలస్యం చేయవద్దని చెప్పాలి. కొత్తగా గడ్డ తగలడం, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడడం, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం కారడం, చంకలో బిళ్ల కట్టడం, ఒక రొమ్ము ఆకారం మారడం. ఈ ఆరు గుర్తులు నోటికి వస్తే చాలు. నిపుణమైన పరీక్ష బాధ్యత వ్యవస్థది. జబ్బు ముదిరినందుకు ఆడవాళ్లనే తప్పుపట్టే అలవాటు ఇకనైనా పోవాలి.

ఆ నిపుణమైన పరీక్ష ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే, అది ఎంత సాధారణమైనదో, ఎంత ఓపిక కోరేదో తెలుస్తుంది. ముందు కూర్చోబెట్టి, చేతులు పైకెత్తించి కళ్లతో చూస్తారు. తర్వాత పడుకోబెట్టి మూడు వేళ్ల మెత్తని భాగంతో మొదలుపెడతారు. మెడ కింది ఎముక నుంచి రొమ్ము కింది మడత దాకా, రొమ్ము మధ్య ఎముక నుంచి చంక దాకా, చాళ్లు తోలినట్టు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి ఒక్క అంగుళం కూడా వదలకుండా వేళ్లు నడుస్తాయి. ఆపిన ప్రతి చోటా చిన్న సున్నాలు చుడుతూ మూడుసార్లు నొక్కుతారు. ఒకసారి చర్మం మాత్రమే కదిలేట్టు, ఒకసారి లోపలి కండ తెలిసేట్టు, ఒకసారి పక్కటెముక తగిలేదాకా. ఇది చదువుకన్నా స్పర్శ మీద ఆధారపడ్డ నైపుణ్యం. జర్మనీలో ఒక వైద్యుడు చూపులేని మహిళలకు ఈ పని నేర్పి, వాళ్ల వేళ్ల చురుకుదనాన్ని వైద్యానికి వాడుకున్నాడు. ఆ పద్ధతి మన దేశానికీ వచ్చింది. సత్తెనపల్లి చుట్టుపక్కల ఆడవాళ్లకు వేలికొసల నేర్పు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎండిన మిరప రాశిలో నుంచి తాలుకాయను తాకీ తాకగానే ఏరి పక్కన పడేసే చేతులు వాళ్లవి. ఆ చేతులున్న ఇళ్లలోంచి వచ్చినవాళ్లే మన ఆశాలు, ఏఎన్ఎంలు.

ఏఎన్ఎంల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉందని, ఇంకో పని పెట్టవద్దని అంటే దాన్ని తీసిపారేయలేం. సర్వేలు, యాప్‌లు, రిజిస్టర్లతో వాళ్ల రోజంతా గడిచిపోతోంది. కానీ ఈ పని కొత్తది కాదు. 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు అయిదేళ్లకోసారి చేతి పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆశాలు నింపే పత్రంలో రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం వస్తోందా అన్న ప్రశ్నలూ ఉన్నాయి. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటికీ వెళ్లి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల లక్షణాలు కనుక్కునే సర్వే మొదలుపెట్టింది. అది సరైన అడుగే. అయితే వాకిట్లో, అత్తగారి ముందు, మరిది వింటుండగా గడ్డ ఉందా అని అడిగితే లేదనే జవాబు వస్తుంది. ఆ జవాబు పత్రంలో చేరితే పరీక్ష జరిగినట్టు లెక్క అవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అసలు సంగతి బయటపెట్టింది. దేశంలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో జీవితంలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నామని చెప్పినవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు.

పని భారం ఎంతో లెక్క వేసి చూద్దాం. రాష్ట్రంలో సుమారు 2,500 జనాభాకు ఒక గ్రామ ఆరోగ్య కేంద్రం ఉంది. అంత జనాభాలో 30 నుంచి 65 ఏళ్ల మహిళలు అయిదారు వందల మంది ఉంటారు. ముంబయి పరిశోధనలోలాగా రెండేళ్లకోసారి పరీక్ష చేయాలన్నా ఏడాదికి మూడు వందల లోపే. వారానికి ఆరుగురు. తలుపు వేసుకునే గది, తెర, ఒక బల్ల, ఒక్కొక్కరికి కాసేపు తీరిక ఉంటే వారానికి ఒక పూట పని. అక్కర్లేని రెండు రిజిస్టర్లు తీసేస్తే ఆ పూట దొరుకుతుంది. శిక్షణ మాత్రం వీడియో చూపించి ధ్రువపత్రం ఇచ్చేదిగా ఉండకూడదు. నిజమైన గడ్డ వేళ్ల కింద ఎలా ఉంటుందో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి శస్త్రచికిత్స విభాగంలో రోగుల అనుమతితో తాకి నేర్చుకోవాలి, ఏడాదికోసారి మళ్లీ సరిచూసుకోవాలి.

పరీక్ష ఎక్కువ చేస్తే అనుమానాలు ఎక్కువై, ఆడవాళ్లు భయపడతారని, పెద్దాసుపత్రుల మీద తాకిడి పెరుగుతుందని కూడా అంటారు. నిజమే, చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు, ముఖ్యంగా చిన్న వయసులో. అందుకే రెండో మెట్టు గుంటూరులో కాకుండా దగ్గరలో ఉండాలి. సత్తెనపల్లి ప్రాంతీయ ఆసుపత్రిలో వారానికి ఒక రోజును రొమ్ము పరీక్షలకు కేటాయించి, ఆ రోజు అల్ట్రాసౌండ్, సూది పరీక్ష అక్కడే చేసి, నమూనాను గుంటూరు పంపి, ఫలితాన్ని ఏఎన్ఎం ఫోనుకు తిప్పి పంపితే చాలు. క్యాన్సర్ కాదని తేలినవాళ్లు వారం రోజుల్లో నిశ్చింతగా ఉంటారు. క్యాన్సర్ అని తేలినవాళ్లకు గుంటూరు సర్వజన ఆసుపత్రి ఆవరణలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఇలాంటి వసతులు ఇంత దగ్గర ఉన్న ప్రాంతాలు దేశంలో ఎక్కువ లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు లక్ష్యాలు పెట్టింది. నూటికి 60 కేసులు మొదటి రెండు దశల్లోనే బయటపడాలి, రోగి వచ్చిన 60 రోజుల్లో నిర్ధారణ పూర్తికావాలి, 80 శాతం మంది చికిత్స పూర్తిచేయాలి. 2022 ఏప్రిల్‌లో ఏర్పడ్డ పల్నాడు జిల్లా ఈ మూడు అంకెలను కలెక్టరు సమీక్షలో ప్రతి నెలా చెప్పగలిగితే అది నిజమైన గులాబీ నెల అవుతుంది. ఎన్ని ఇళ్లు తిరిగారన్నది కొలమానం కాకూడదు. ఎంతమందిని తాకి చూశారు, అనుమానం వచ్చినవాళ్లలో ఎంతమంది చికిత్స దాకా చేరారు అన్నవే కొలమానాలు.

ఈ ప్రాంతంలో ఈ విషయం ఎత్తగానే వచ్చే ప్రశ్న మరొకటుంది. పత్తికీ మిరపకూ ఇన్ని మందులు కొడుతున్నాం, దానివల్లే కదా ఈ జబ్బు అని. అనుమానం అర్థం లేనిది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా మహిళలపై 2007లో వెలువడిన పరిశోధన, పద్నాలుగేళ్లలోపు డీడీటీ తగిలినవాళ్లలో తర్వాత రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరిగిందని చూపింది. పెద్దయ్యాక రక్తంలో దాని మోతాదు కొలిచిన మరో పెద్ద పరిశోధనలో అలాంటి సంబంధం కనపడలేదు. అంటే ముప్పు ఏ వయసులో, ఏ మందుతో అన్నది ఇంకా తేలుతున్న విషయం. పురుగుమందు జాగ్రత్తలు, ముఖ్యంగా ఆడపిల్లల్ని, గర్భిణులను పిచికారీ చేసిన చేలకు దూరంగా ఉంచడం, ఏ తీర్పు కోసమూ ఆగకుండా పాటించాల్సినవి. కానీ కారణం తేలేదాకా పరీక్ష ఆపడం, మంట ఎక్కడ పుట్టిందో తేలేదాకా నీళ్లు పోయకపోవడం వంటిది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఆడజన్మ, నలభై దాటిన వయసు తప్ప చెప్పుకోదగ్గ ముప్పు కారణమే ఉండదు.

నివారణలో మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. 2002లో అంతర్జాతీయ పరిశోధకులు అనేక దేశాల సమాచారం కలిపి లెక్కగట్టారు. బిడ్డకు పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకూ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుంది. మన పల్లెటూరి తల్లులు తెలియకుండానే పొందుతున్న రక్షణ అది, డబ్బాపాల ప్రచారానికి దాన్ని వదులుకోకూడదు. ముట్లు ఆగాక పెరిగే బరువు, కూర్చుని గడిపే జీవితం, మద్యం ముప్పును పెంచుతాయి. ట్రాక్టర్లు, యంత్రాలు వచ్చి పొలం పని తగ్గిన ఇళ్లలో యాభై దాటిన ఆడవాళ్ల బరువు గురించి కూడా మాట్లాడాల్సిన రోజులివి. కానీ ఇవన్నీ పాటించినా ముప్పు తగ్గుతుందే గానీ పోదు. నివారణ సగం దారి, ముందుగా గుర్తించడం మిగతా సగం.

చివరికి తేదీల సంగతి. పరీక్షకు రావాలని ఆడవాళ్లను అడిగే ముందు, వాళ్లు రాగలిగే కాలం ఏదో చూడాలి. మిరప కోతలు ముగిసి, తొలకరి విత్తనాలు పడే ముందు మే, జూన్ నెలలు ఈ ప్రాంతానికి సరైన సమయం. కోతల రోజుల్లో చేయాల్సి వస్తే, ముఠా కూలీలు దిగే చోటే సాయంత్రం పూట, తెర కట్టిన గదిలో చేయాలి. కర్నూలు పడమటి మండలాల నుంచి కోతలకు వచ్చి చేల గట్ల మీద గుడిసెలు వేసుకునే ఆడవాళ్లు ఏ ఊరి ఆశా లెక్కలోనూ ఉండరు, వాళ్లకు ఈ నెలలే అవకాశం. డ్వాక్రా సంఘం సమావేశంలో అప్పు వాయిదాతో పాటు పరీక్ష వాయిదా కూడా అడగాలి. సంఘంలో ఒకరు తొలి దశలో బయటపడి, చికిత్స ముగించుకుని మళ్లీ మిరప కోతకు వెళ్తే ఆ ఊరికి అంతకన్నా పెద్ద అవగాహన సభ అక్కర్లేదు.

ఇంట్లో మగవాళ్లకు కూడా ఒక మాట. భార్యో, తల్లో, వదినో చేతికి గడ్డ తగిలిందని చెప్పిన రోజు, పంట ఏ దశలో ఉన్నా ఆ మాట వినండి. ఆ మరునాడు ఒక మనిషి కూలి పోతుంది, ఒక బస్సు టిక్కెట్టు ఖర్చవుతుంది. కోతలయ్యాక వెళ్తే పోయేది అంతతో ఆగదు. నొప్పి లేదన్నది నిశ్చింతకు కారణం కాదు. నొప్పి లేని కొత్త గడ్డే ముందు చూపించుకోవాల్సిన గడ్డ.